మధ్యశ్రేణి ఎస్‌యూవీ టైర్లు: మార్పిడి, ఎంపిక

మధ్యశ్రేణి ఎస్‌యూవీకి కంపెనీ బిగించి ఇచ్చిన టైర్లు అరిగినా, పాతబడినా, దెబ్బతిన్నా వాటి స్థానంలో వేసేవి మార్పిడి టైర్లు. వ్యాపార పరిభాషలో వీటిది 'రీప్లేస్‌మెంట్' మార్కెట్. బండితోపాటు వచ్చేవి 'ఓఈ' టైర్లు. కొలత, బరువు సూచిక, వేగ సూచిక, ట్రెడ్ రకం, తయారీ తేదీ అనే అయిదు అంశాలమీద ఎంపిక ఆధారపడుతుంది. దుకాణంలో బేరమంతా కొలత, బ్రాండు, ధరల చుట్టూనే నడుస్తుంది. బరువు సూచిక గురించీ తేదీ గురించీ అడిగేవారు తక్కువ. ప్రమాదాల చరిత్ర చూస్తే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినవి బరువు, గాలి, వయసు.

పరిధి

మధ్యశ్రేణి అనే వర్గీకరణ దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్ వంటి సుమారు 4.3 మీటర్ల బండ్లు ఈ శ్రేణిలోకి వస్తాయి. టాటా హ్యారియర్, మహీంద్రా ఎక్స్‌యూవీ 700 వీటికి ఒక మెట్టు పైన. అమెరికాలో ఇదే పేరు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్, టయోటా హైల్యాండర్ వంటి అయిదు మీటర్ల బండ్లకు చెల్లుతుంది. రెండుచోట్లా సామాన్య లక్షణం ఒకటే: సెడాన్ కన్నా బరువెక్కువ, గరిమనాభి ఎత్తులో ఉంటుంది. మలుపులోనూ హఠాత్తు బ్రేకులోనూ బరువు ఒక పక్కకు మొగ్గినప్పుడు ఆ భారమంతా ఆ పక్క టైర్ల సైడ్‌వాల్ (పక్కగోడ) మీద పడుతుంది. సెడాన్ టైర్ల ఎంపికకూ దీనికీ తేడా అక్కడే మొదలవుతుంది.

చరిత్ర

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే వల్కనీకరణ ప్రక్రియను కనుగొన్నాడు. గాలి నింపిన టైరుకు 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు పొందినా అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ సైకిలు కోసం మళ్ళీ రూపొందించాక నిలదొక్కుకుంది. 1895లో మిషెలిన్ సోదరులు పారిస్–బోర్డో–పారిస్ పందెంలో గాలి టైర్లు బిగించిన కారు నడిపారు. అదే కంపెనీ 1946లో రేడియల్ టైరుకు పేటెంటు తీసుకుని 1949లో మార్కెట్లోకి తెచ్చింది. నేటి ఎస్‌యూవీ టైర్లన్నీ ఆ నిర్మాణంలోనివే.

భారతదేశంలో డన్‌లప్ కంపెనీ 1936లో పశ్చిమ బెంగాల్‌లోని సాహాగంజ్‌లో కర్మాగారం పెట్టింది. రేడియల్ టైర్లను ఇక్కడ జేకే టైర్ 1977లో ప్రవేశపెట్టింది. అంతకుముందు, ఆ తరవాత కూడా చాలాకాలం, జీపులు 6.00–16 కొలత గల పాతరకం టైర్లమీదే తిరిగాయి. తెలుగు రాష్ట్రాల్లో ఎంఆర్ఎఫ్‌కు సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో కర్మాగారం ఉంది. అపోలో 2020లో తిరుపతి సమీపంలోని చిన్నపండూరులో ఉత్పత్తి ప్రారంభించింది.

నిర్మాణం

రేడియల్ టైరు లోపలి అంచున రిమ్ముకు పట్టుకుని ఉండే ఉక్కుతీగల చుట్ట బీడ్. ఒక బీడ్ నుంచి రెండో బీడ్‌కు అడ్డంగా సాగే పాలియెస్టర్ పోగుల పొర ప్లై. నేలను తాకే ట్రెడ్ కింద, ప్లై మీద, ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటేలా పరిచిన రెండు ఉక్కు బెల్టులుంటాయి. లోపలి గోడకు గాలి జారనివ్వని బ్యూటైల్ రబ్బరు పూత ఉండటంవల్ల ట్యూబు అవసరం లేదు.

తిరిగే టైరు నేలను తాకినచోట నలిగి, పైకి లేచినప్పుడు తిరిగి సాగుతుంది. ఇందులో పోయిన శక్తి వేడిగా మారుతుంది. దొర్లుడు నిరోధం అనేది దీనినే. కారు తాగే ఇంధనంలో సుమారు అయిదో వంతు దీనికే పోతుంది. బాగా నలిగే మెత్తటి రబ్బరుకు పట్టు ఎక్కువ, నిరోధమూ ఎక్కువ, అరుగుదలా ఎక్కువ. పట్టు, మన్నిక, మైలేజీ మూడూ ఒకే రబ్బరులో పూర్తిగా దొరకవు; ఒకటి పెంచితే మరొకటి తగ్గుతుంది. 1990ల ఆరంభంలో కార్బన్ బ్లాక్ స్థానంలో కొంత సిలికా కలపడం మొదలయ్యాక ఈ పేచీ కొంత తగ్గింది, తీరిపోలేదు. అందుకే 'లక్ష కిలోమీటర్లు వస్తుంది' అని చెప్పి అమ్మే టైరుకు తడిరోడ్డుమీద పట్టు ఎంతో కూడా అడగాలి.

సైడ్‌వాల్ మీది రాత

ఎక్స్‌యూవీ 700 చిన్న రకాలకు 235/65 ఆర్ 17, పెద్ద రకాలకు 235/60 ఆర్ 18 కొలతలున్నాయి. 235 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. 'ఆర్' రేడియల్‌కు గుర్తు. 17 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. మొదటి టైరు మొత్తం వ్యాసం 737 మి.మీ., రెండోది 739. రిమ్ము మారినా వ్యాసం మారకుండా కంపెనీ ఎలా చూసిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

కొలత పక్కన '103 హెచ్' వంటి గుర్తు ఉంటుంది. ఇందులో అంకె బరువు సూచిక, అక్షరం వేగ సూచిక. సూచిక 96 అయితే ఒక్కో టైరు 710 కిలోలు, 100 అయితే 800, 103 అయితే 875, 104 అయితే 900 కిలోలు మోస్తుంది. అక్షరాల్లో టి 190, హెచ్ 210, వి 240 కిలోమీటర్ల వేగాన్ని సూచిస్తాయి. మన రోడ్లమీద ఎవరూ 210 వేగంతో నడపరు కదా, మరి ఆ అక్షరం ఎందుకు? అది వేడికి తట్టుకునే శక్తికి కూడా కొలమానం కాబట్టి. 'ఎక్స్ఎల్' అని ఉంటే అదే కొలతలో ఎక్కువ గాలితో ఎక్కువ బరువు మోసే గట్టిరకం.

'మాక్స్ ప్రెస్' అని 44 లేదా 51 పీఎస్‌ఐ రాసి ఉంటే అది టైరు తట్టుకునే గరిష్ఠ హద్దు మాత్రమే. నింపవలసిన గాలి ఎంతో డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభంమీద అతికించిన స్టిక్కరులో ఉంటుంది. అసలు కొలత, బరువు సూచిక కూడా ఆ స్టిక్కరులోనో బండి పుస్తకంలోనో చూసి తీసుకోవాలి. పాత యజమాని ఏ టైరు వేశాడో చూసి అదే అడగడం సరైన పద్ధతి కాదు.

'డిఒటి' అక్షరాలతో మొదలయ్యే వరుస చివర, కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలుంటాయి. 0824 అంటే 2024లో ఎనిమిదో వారం. కొన్ని టైర్లకు ఈ పూర్తి వరుస ఒక పక్కే ఉంటుంది. ఆ పక్క లోపలికి పెట్టి బిగిస్తే తేదీ చూడాలన్నా బండి కిందికి దూరాలి. కాబట్టి టైరు ఇంకా రిమ్మెక్కకముందే, నాలుగింటికీ విడివిడిగా చూడటం మంచిది. ఒకే బిల్లులో రెండు వేర్వేరు సంవత్సరాల టైర్లు రావడం అరుదేమీ కాదు.

కొలత మార్చడం

వెడల్పాటి టైరు, పెద్ద అలాయ్ రిమ్ములు వేయించడం మన దగ్గర విస్తారంగా ఉన్న అలవాటు. దుకాణదారుల మాటలో ఇది 'అప్‌సైజ్'. సాధారణంగా పాటించే హద్దు మొత్తం వ్యాసంలో మూడు శాతం లోపు తేడా. 235/60 ఆర్ 18 బదులు 245/60 ఆర్ 18 వేస్తే వ్యాసం 751 మి.మీ. అవుతుంది, అంటే 1.6 శాతం పెరుగుదల. మీటరులో మునుపటి అంకే కనిపిస్తున్నా బండి అంతకన్నా కాస్త వేగంగా పోతుంటుంది.

దీనికి తిరుగుదిశలో జరిగే పొరపాటు ఎక్కువ హానికరం. సరిగ్గా అదే 18 అంగుళాల రిమ్ముకు 235/55 ఆర్ 18 కూడా ఎక్కుతుంది, చూపుకు తేడా తెలియదు, ఒక్కోసారి చౌకగానూ దొరుకుతుంది. దాని వ్యాసం 716 మి.మీ.; మూడు శాతం దాటి తక్కువ. బండి నేలకు 12 మి.మీ. దగ్గరవుతుంది. అసలు నష్టం బరువు సూచికలో ఉంది: ఈ కొలతలో మామూలు టైరు సూచిక 103 కాదు, 100. నాలుగు టైర్ల మోత 3,500 కిలోల నుంచి 3,200కు పడిపోతుంది. అయినా బండి బరువుకు సరిపోతుంది కదా అనిపించవచ్చు. ఏడుగురు ఎక్కి, డిక్కీ నిండా సామానుతో శ్రీశైలం ఘాట్‌లో మలుపు తిరిగే బండిలో బరువు నాలుగు చక్రాలకూ సమానంగా పంచబడదు. వెనక బయటి చక్రానికి దాని వాటా కన్నా చాలా ఎక్కువ వస్తుంది. మిగులు ఉండవలసింది ఆ క్షణం కోసం.

ఎక్స్‌ప్లోరర్–ఫైర్‌స్టోన్ ఉదంతం

మధ్యశ్రేణి ఎస్‌యూవీ టైర్ల చరిత్రలో అత్యంత ప్రభావం చూపిన ఘటన ఇది. 1991 మోడల్‌గా అమెరికాలో విడుదలైన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌కు ఫైర్‌స్టోన్ టైర్లు వచ్చేవి. 1990లలో ట్రెడ్, దాని కింది బెల్టుతో సహా, ఊడిపోయి బండ్లు పల్టీకొట్టిన సంఘటనలు పెరిగాయి. వాటిలో ఎక్కువ అరిజోనా, టెక్సస్, ఫ్లోరిడా వంటి వేడి రాష్ట్రాల్లో, వేసవిలో, పెద్దరోడ్ల వేగంలో జరిగాయి. 2000 ఆగస్టు 9న ఫైర్‌స్టోన్ ఏటీఎక్స్, ఏటీఎక్స్ 2 రకాలనూ ఇల్లినాయ్ రాష్ట్రంలోని డికేటర్ కర్మాగారంలో తయారైన వైల్డర్‌నెస్ ఏటీ టైర్లనూ వెనక్కి పిలిచింది. అప్పటికి రోడ్డుమీద ఉన్నవి సుమారు 65 లక్షలని అంచనా. 2001 మేలో ఫోర్డ్ తనంతట తాను మరో కోటీ ముప్పై లక్షల టైర్లు మారుస్తానని ప్రకటించింది. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఈ టైర్లతో ముడిపెట్టిన మరణాలు 271.

కారణంపై రెండు పక్షాలూ విభేదించాయి. ఫోర్డ్ టైరు తయారీ లోపాన్ని చూపింది. ఫైర్‌స్టోన్ బండి రూపకల్పనను, ముఖ్యంగా పల్టీకొట్టే స్వభావాన్ని చూపింది. వివాదంలో కీలకమైన అంకె గాలి ఒత్తిడి. ఫోర్డ్ సూచించినది 26 పీఎస్‌ఐ, ఫైర్‌స్టోన్ కోరినది 30. గాలి తక్కువైతే సైడ్‌వాల్ ఎక్కువ నలుగుతుంది. నలిగినకొద్దీ వేడి పుడుతుంది. ఆ వేడి పోగయ్యేది రెండు ఉక్కు బెల్టుల అంచులు కలిసేచోట. అక్కడ రబ్బరు పట్టు వదిలితే చీలిక బెల్టు వెంట వ్యాపించి చివరికి ట్రెడ్ లేచిపోతుంది. బరువు, వేగం, ఎండ ఒక్కోటీ ఈ చీలికను తొందరపెట్టేవే.

ఇరు కంపెనీల సుమారు శతాబ్దపు వ్యాపార సంబంధం 2001లో తెగిపోయింది. 2000 నవంబరులో వచ్చిన 'ట్రెడ్' చట్టం ఫలితంగా, 2007 సెప్టెంబరు నుంచి అమెరికా మార్కెట్ కోసం తయారయ్యే ప్రతి తేలిక వాహనానికీ గాలి ఒత్తిడిని కనిపెట్టే పరికరం తప్పనిసరి అయింది. నేడు క్రెటా వంటి బండ్ల డ్యాష్‌బోర్డుమీద కనిపించే టీపీఎంఎస్ దీపం వ్యాప్తికి మూలం ఇదే.

తెలుగునాట ఈ ఉదంతానికి వర్తింపు ఉంది. రెంటచింతల, రామగుండం ప్రాంతాల్లో మేనెల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. హైదరాబాదు అవుటర్ రింగురోడ్డుమీద 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. పెళ్ళికి ఏడుగురితో మధ్యాహ్నం బయలుదేరిన బండిలో బరువు, వేగం, ఎండ మూడూ ఒకేసారి కలుస్తాయి. ఎండలో 'పేలిపోతుంది' అని గాలి తీసేయించే అలవాటు సరిగ్గా తప్పు వైపుకు తీసుకెళుతుంది.

రకాలు

హైవే టైరు లేదా హెచ్‌టీ: రిబ్బులు వరుసగా, గాడులు సన్నగా ఉంటాయి. చప్పుడు తక్కువ, మైలేజీ మేలు, తడిరోడ్డుమీద నమ్మకం. నూటికి తొంభైపాళ్ళు తారు, సిమెంటు రోడ్లమీదే తిరిగే మధ్యశ్రేణి ఎస్‌యూవీకి ఇదే సరైనది.

ఆల్‌టెరైన్ లేదా ఏటీ: దిమ్మెలు పెద్దవి, గాడులు లోతు. పొలాల దారి, కంకర, గనుల ప్రాంతాలకు పనికొస్తుంది. తారురోడ్డుమీద హోరు పెరుగుతుంది, ఇంధనమూ కాస్త ఎక్కువ పడుతుంది. ఏటీ టైర్లు వేయించుకుని రోజూ ఆఫీసుకు వెళ్ళేవారి సంఖ్య, రూపం కోసం కొన్నారన్న మాటకు బలమిస్తుంది. బురద కోసం ఉద్దేశించిన ఎంటీ రకం ఈ శ్రేణి బండ్లకు దాదాపు అనవసరం.

అమెరికాలో అమ్మేవాటిలో అధికభాగం ఆల్‌సీజన్ రకం. 'ఎం ప్లస్ ఎస్' (బురద, మంచు) గుర్తును గాడుల ఆకారాన్ని బట్టి వేస్తారు. మూడు శిఖరాల మధ్య మంచురేకు బొమ్మను మాత్రం మంచుమీద పరీక్ష నెగ్గినవాటికే ఇస్తారు. మామూలు రబ్బరు 7 డిగ్రీల కన్నా తక్కువలో గట్టిపడి పట్టు కోల్పోతుంది. మిషిగన్, మినసోటా వంటిచోట్ల స్థిరపడిన తెలుగువారికి ఇది ఏటా ఎదురయ్యే విషయం. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. లంబసింగి చలికి వీటి అవసరం రాదు.

ప్రమాణాలు, గుర్తులు

భారతదేశంలో అమ్మే కారు టైరుమీద ఐఎస్ 15633 ప్రమాణానికి సంబంధించిన ఐఎస్ఐ ముద్ర ఉండాలి. తడిపట్టు, దొర్లుడు నిరోధం, చప్పుడుకు సంబంధించిన ఏఐఎస్ 142 ప్రమాణం కొత్త నమూనాలకు 2022 అక్టోబరు నుంచీ, పాతవాటికి 2023 నుంచీ వర్తించింది. ఇంధన సామర్థ్య బ్యూరో నక్షత్రాల లేబులు దొర్లుడు నిరోధాన్ని బట్టి ఇచ్చేది. నక్షత్రాలు ఎక్కువున్నాయంటే బ్రేకు బాగా పడుతుందని అర్థం కాదు. ఐరోపా లేబులులో తడిపట్టుకు ఏ నుంచి ఈ వరకు విడిగా తరగతులుంటాయి. అమెరికా యూటీక్యూజీ పద్ధతిలో 'ట్రెడ్‌వేర్' అంకె కంపెనీ తన పరీక్ష ఆధారంగా తానే ఇచ్చుకునేది కాబట్టి రెండు వేర్వేరు కంపెనీల టైర్లను దాంతో పోల్చడం అంత నికరం కాదు.

2020 జూన్‌లో కొత్త టైర్ల దిగుమతిపై కేంద్రం ఆంక్షలు పెట్టింది. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది.

ఎప్పుడు మార్చాలి

గాడుల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మెలుంటాయి. ట్రెడ్ వాటితో సమమైతే మిగిలిన లోతు 1.6 మి.మీ.; చట్టం అనుమతించే కనీసం అదే. కొత్త హైవే టైరులో సుమారు 8 మి.మీ. ఉంటుంది. వానలో నీటిని పక్కకు తోసే శక్తి ఆ కనీసానికి చాలా ముందే తగ్గిపోతుంది. తుపానుల కోస్తాలో 3 మి.మీ. దగ్గరే మార్చడం వివేకం.

అరిగిన తీరు కూడా ఒక రోగనిర్ధారణ. నడుమ అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ, ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ తప్పింది, గుంటలు గుంటలుగా అరిగితే షాకబ్జార్బర్లు అయిపోయాయి. కారణం సరిచేయకుండా కొత్తవి వేస్తే అవీ అలాగే పోతాయి. సైడ్‌వాల్‌మీద బుడగ లేస్తే లోపల ప్లై పోగులు తెగినట్టే. దానికి మరమ్మతు లేదు. ట్రెడ్‌లో మేకు దిగితే లోపలినుంచి ప్యాచ్ వేయించవచ్చు, భుజంమీదా సైడ్‌వాల్‌లోనూ కాదు.

తక్కువ తిరిగే బండికి వయసే కొలత. అయిదేళ్ళ తరవాత ఏటా తనిఖీ చేయించాలనీ, తయారైన పదేళ్ళకు ట్రెడ్ ఉన్నా తీసేయాలనీ మిషెలిన్ సూచిస్తుంది. విదేశాల్లో ఉన్న పిల్లలు ఊళ్ళో తల్లిదండ్రులకు కొనిచ్చిన, నెలకోసారి గుడికి మాత్రమే తీసే బండ్లు ఈ కోవలోవి. వాటి ట్రెడ్ నిండుగానే ఉంటుంది, సైడ్‌వాల్ మాత్రం పగుళ్ళు చూపుతుంది.

ఎన్ని మార్చాలి

నాలుగూ ఒకేసారి మార్చడం ఉత్తమం. రెండే మార్చేటప్పుడు, ముందు చక్రాలు నడిపే బండి అయినా సరే, కొత్తవి వెనకే వేయాలి. తడిరోడ్డుమీద ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే అదుపులోకి వస్తుంది. వెనకవి జారితే బండి గిరుక్కున తిరిగిపోతుంది. ఆల్‌వీల్ డ్రైవ్ బండికి అరిగిన, కొత్త టైర్లు కలిస్తే చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరిగి కప్లింగ్‌మీద ఒత్తిడి పడుతుంది. సుబారు కంపెనీ నాలుగింటి చుట్టుకొలతల్లో పావు అంగుళం మించి తేడా ఉండకూడదంటుంది. స్టెప్నీ కొలత వేరైతే దాన్ని అయిదో టైరుగా లెక్కించరాదు. టీపీఎంఎస్, మరమ్మతు కిట్ ఉన్న ట్యూబ్‌లెస్ బండ్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో నిబంధన సడలించారు.

బిగింపు, గాలి

కొత్త టైరుతోపాటు వాల్వులు మార్చి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాలి. 'అవుట్‌సైడ్' అని రాసినవైపు బయటికి, బాణం గుర్తు చక్రం తిరిగే దిశకు ఉందో లేదో చూసుకోవాలి. నట్లను ఎయిర్‌గన్‌తో బిగించి వదిలేయకుండా టార్క్ రెంచితో సరిచూడాలి.

గాలిని బండి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఉష్ణోగ్రత సుమారు 5.5 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. స్టిక్కరుమీది అంకె ఈ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే నిర్ణయించినది. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే కాబట్టి, విడిగా నైట్రోజన్ నింపించడంవల్ల ఒరిగేది స్వల్పం. నెలకోసారి గాలి చూసుకుంటే అంతకన్నా మేలు.

పాత టైర్లు

ఎక్స్చేంజ్ కింద దుకాణం తీసుకున్న టైర్లలో కొన్ని సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు చేరతాయి. గుండు టైరుమీద వేడి కత్తితో గాడులు కోసి అమ్మే పద్ధతి కూడా ఉంది. కారు టైరులో బెల్టుమీద మిగిలే రబ్బరే పలచన కాబట్టి ఆ కోత ఉక్కు దగ్గరికి పోతుంది. గాడి అంచులు కొత్తగా పదునుగా ఉండి, అరుగుదల దిమ్మెలు కనిపించకపోతే అనుమానించాలి. వ్యర్థ టైర్ల పునర్వినియోగ బాధ్యతను 2022 జులై నుంచి తయారీదారులపైనా దిగుమతిదారులపైనా పెట్టారు. వాటిలో కొంత పొడిరబ్బరుగా మారి తారురోడ్ల మిశ్రమంలో కలుస్తుంది, కొంత పైరాలిసిస్ కొలుముల్లో నూనెగా మారుతుంది.